కోడు గంటల పద్దు

శుక్రవారం సాయంత్రం మన సాఫ్ట్‌వేర్ ఉద్యోగులు తప్పకుండా చేసే పని ఒకటుంది: టైమ్‌షీట్ నింపడం. సోమవారం ఏ ప్రాజెక్టుకు ఎన్ని గంటలు, మంగళవారం ఎన్ని అంటూ గళ్లుంటాయి. గుర్తున్నంతవరకు గుర్తుచేసుకుని, గుర్తులేని చోట ఎనిమిది వేసేసి సబ్మిట్ నొక్కుతారు. ఆ గళ్లను బట్టి క్లయింటుకు బిల్లు వెళుతుంది. అది కంపెనీ లెక్క. మరి మీ లెక్క సంగతేమిటి? ఈ వారంలో మీరు నిజంగా కోడు మీద కూర్చున్నది ఎంతసేపు? ఏ పూట? ఏ పని మీద? దీనికి ఉజ్జాయింపుగా కాకుండా అంకెతో జవాబు చెప్పగలిగినవాళ్లు తక్కువ. ఆ అంకెను ఎలా సంపాదించాలో, సంపాదించాక దానితో ఏం చేయాలో ఈ అధ్యాయంలో చూద్దాం.

నేను చీరాల దగ్గర సముద్రతీరాన ఉన్న వాడరేవు నుంచి పనిచేస్తాను. 2020 మార్చి తర్వాత హైదరాబాద్, బెంగళూరుల నుంచి ల్యాప్‌టాప్ సంచీతో సొంతూరు చేరినవాళ్లు చీరాల, బాపట్ల చుట్టుపక్కల ఎంతోమంది. కొందరు తిరిగి వెళ్లారు, కొందరు ఇక్కడే ఉండిపోయారు. ఆఫీసులో పనికి గోడలుంటాయి: లోపలికి వెళితే పని మొదలు, బయటికొస్తే అయిపోయినట్టు. ఇంట్లో ఆ గోడలు ఉండవు. పొద్దున్నే పడవలు ఒడ్డుకు చేరగానే చేపల వేలం కేకలు వినపడతాయి. శని ఆదివారాల్లో బీచికి వచ్చే కార్ల మోత. న్యూయార్క్‌లో ఉదయం తొమ్మిదయ్యేసరికి మనకు వేసవిలో సాయంత్రం ఆరున్నర, చలికాలంలో ఏడున్నర, కాబట్టి క్లయింటు కాల్స్ రాత్రికి పడతాయి. మధ్యలో అమ్మ గొంతు: "ఒరేయ్, ఇంట్లోనే ఉన్నావుగా, మీ బాబాయిని చీరాల స్టేషన్లో దించిరా." అరగంట పనే. కానీ వెళ్లొచ్చి కూర్చున్నాక, ఇందాక ఏ ఫంక్షన్‌లో ఏ తప్పు వెతుకుతున్నామో మళ్లీ అందుకోవడానికి ఇంకో అరగంట. రోజంతా కుర్చీలోనే ఉన్నట్టుంటుంది, పని మాత్రం కదలదు. ఎక్కడ పోయిందో తెలియని కాలాన్ని తిరిగి తెచ్చుకోలేం. కాబట్టి ముందు ఎక్కడ పోతోందో చూడాలి.

పనివేళలు రాసుకునే అలవాటు ఎక్కడిది?

వాట్స్ హంఫ్రీ చాలా ఏళ్లు ఐబీఎంలో పనిచేసి, తర్వాత కార్నెగీ మెలన్ విశ్వవిద్యాలయంలోని సాఫ్ట్‌వేర్ ఇంజినీరింగ్ ఇన్‌స్టిట్యూట్‌కు వెళ్లారు. ఒకప్పుడు మన కంపెనీలు గొప్పగా చెప్పుకున్న సీఎంఎం లెవెల్ 5 నాణ్యతా గుర్తింపుకు మూలం హంఫ్రీ ఆలోచనలే. అది సంస్థల కోసం. ఆ తర్వాత ఆయన ఒక్కో ప్రోగ్రామర్ తన పనిని తాను ఎలా దిద్దుకోవాలన్నది పట్టించుకుని పర్సనల్ సాఫ్ట్‌వేర్ ప్రాసెస్ అనే పద్ధతిని తయారుచేశారు. 1995లో దాని మీద పుస్తకం రాశారు.

ఆ పద్ధతికి పునాది ఒక మామూలు పట్టీ. తేదీ, మొదలుపెట్టిన వేళ, ఆపిన వేళ, మధ్యలో అంతరాయం ఎన్ని నిమిషాలు, అది తీసేస్తే నికరంగా పనిచేసింది ఎంత, ఏ దశలో ఉన్న పని. అంతరాయానికి విడిగా ఒక గడి పెట్టడంలోనే ఆయన అనుభవం కనిపిస్తుంది. ఫోన్ మోగుతుందని, ఎవరో పిలుస్తారని ఆయనకు ముందే తెలుసు. అలా జరగకూడదని చెప్పకుండా, జరిగినదాన్ని రాసుకోమన్నారు. ఇంకో నియమం కూడా పెట్టారు: ఈ అంకెలు రాసుకున్నవాడి సొంతం, పైఅధికారి చేతికి వెళ్లేవి కావు.

ఈ పట్టీకి ఒకటే ఇబ్బంది. పనిలో మునిగినవాడికి గడియారం చూసి రాసుకోవాలని గుర్తుండదు, గుర్తున్నవాడు పనిలో మునగలేడు. ఈ చిక్కు విప్పేదే కోడ్ ఎడిటర్‌కు తగిలించుకునే యాడ్-ఆన్. అందరికీ తెలిసినది వాకాటైమ్. వీఎస్ కోడ్, ఆండ్రాయిడ్ స్టూడియో, జెట్‌బ్రెయిన్స్ ఎడిటర్లు, సబ్లైమ్, విమ్, ఈమాక్స్, ఇలా మనవాళ్లు వాడే దాదాపు ప్రతి ఎడిటర్‌కూ దాని ప్లగిన్ ఉంది.

లెక్క ఎలా పడుతుంది?

ఒక అంకెను నమ్మేముందు అది ఎలా పుట్టిందో తెలుసుకోవాలి. మీరు ఫైలు తెరిచినా, టైప్ చేసినా, సేవ్ చేసినా ప్లగిన్ ఒక చిన్న సమాచారం పంపుతుంది. దాన్ని హార్ట్‌బీట్ అంటారు. అందులో వేళ, ఫైలు పేరు, ప్రాజెక్టు, భాష, గిట్ బ్రాంచి లాంటివి ఉంటాయి. మీరు రాసిన కోడు మాత్రం అందులో ఉండదు. ఒకే ఫైల్లో వరసగా టైప్ చేస్తుంటే రెండు నిమిషాలకొకటి చొప్పున వెళుతుంది. ఫైలు మారినా, సేవ్ చేసినా వెంటనే ఇంకొకటి.

ఈ హార్ట్‌బీట్లను కాలరేఖ మీద చుక్కలనుకుంటే, వాటిని కలిపితేనే గంటలవుతాయి. కలపడానికి ఒక గడువుంది. మామూలుగా అది 15 నిమిషాలు. రెండు చుక్కల మధ్య ఎడం అంతకంటే తక్కువైతే ఆ ఎడమంతా పనిగా లెక్క. ఎక్కువైతే మీరు లేచి వెళ్లినట్టు లెక్క. 10 గంటలకు ఒక చుక్క పడింది, తర్వాత 10.06కి, 10.19కి, 10.50కి పడ్డాయనుకుందాం. మొదటి రెండు ఎడాలు ఆరు, పదమూడు నిమిషాలు, గడువు లోపలే. కాబట్టి 19 నిమిషాలు మీ ఖాతాలో పడతాయి. చివరి 31 నిమిషాలు పడవు. 10.50 నుంచి కొత్త లెక్క మొదలవుతుంది. అదే గడువును 5 నిమిషాలకు తగ్గిస్తే ఆ 19 నిమిషాలు కూడా ఎగిరిపోతాయి. మనిషి అదే, పని అదే, సెట్టింగ్ ఒక్కటి మారితే గంటలు మారిపోయాయి. అందుకే ఇంకొకరి అంకెతో మీ అంకెను పోల్చడంలో అర్థం లేదు. మీ అంకెను మీ పాత అంకెతోనే పోల్చండి. ఒకసారి గడువు పెట్టుకున్నాక దాన్ని కదపకండి.

పెట్టుకునే పద్ధతి

వీఎస్ కోడ్ ఎక్స్‌టెన్షన్లలో వాకాటైమ్ వెతికి ఇన్‌స్టాల్ చేయండి. సైటులో ఖాతా తెరిస్తే ఏపీఐ కీ ఇస్తారు. ఎడిటర్ అడిగినప్పుడు అది అతికించండి. పది నిమిషాల పని. ఆ తర్వాత మీరు స్టార్ట్, స్టాప్ నొక్కాల్సిన అవసరం ఉండదు.

ఉద్యోగస్తులు ఇక్కడే ఒక్క క్షణం ఆగాలి. ఫైలు పేర్లు, ప్రాజెక్టు పేర్లు బయటి సర్వర్‌కు వెళుతున్నాయి. క్లయింటు పేరే ఫోల్డర్ పేరుగా పెట్టుకునే అలవాటు మనలో చాలామందికుంది. కంపెనీ ల్యాప్‌టాప్ అయితే ముందు మేనేజర్‌నో, సెక్యూరిటీ టీమ్‌నో అడిగి అనుమతి తీసుకోండి. వాకాటైమ్ కాన్ఫిగ్ ఫైల్లో ఫైలు పేర్లు, ప్రాజెక్టు పేర్లు దాచే సెట్టింగులున్నాయి. కొన్ని ఫోల్డర్లను అసలు లెక్కలోకే రాకుండా తీసేయవచ్చు కూడా.

బయటి సర్వర్ వద్దనుకునేవాళ్లకు రెండు దారులున్నాయి. వాకాపీ అనే ఓపెన్ సోర్స్ సర్వర్‌ను మీరే నడుపుకోవచ్చు. ప్లగిన్ అదే, కాన్ఫిగ్‌లో సర్వర్ చిరునామా మారిస్తే చాలు. లేదంటే యాక్టివిటీవాచ్ ఉంది. అదీ ఓపెన్ సోర్సే, సమాచారమంతా మీ కంప్యూటర్లోనే ఉంటుంది. ఎడిటర్‌తో పాటు బ్రౌజర్, ఇతర విండోల లెక్క కూడా చూపిస్తుంది.

మా తీరానికి అక్కరకొచ్చే సంగతి ఒకటుంది. నెట్ లేనప్పుడు వాకాటైమ్ ప్లగిన్ తన చుక్కలను కంప్యూటర్లోనే దాచుకుని, నెట్ వచ్చాక పంపుతుంది. 2023 డిసెంబరు 5న మిచాంగ్ తుపాను బాపట్ల దగ్గర తీరం దాటింది. అలాంటి రోజుల్లో ముందు పోయేవి కరెంటూ, నెట్టే. బ్యాటరీ ఉన్నంతసేపు మీరు రాసుకున్న కోడు గిట్‌లో ఉన్నట్టే, రాసిన వేళ కూడా భద్రంగా ఉంటుంది.

మొదటి రెండు వారాలు ఏమీ మార్చకండి

కొత్త తూకం మిషన్ ఇంటికి రాగానే అన్నం మానేసేవాళ్లుంటారు. ఇక్కడ ఆ తొందర పనికిరాదు. రెండు వారాలు మామూలుగా పనిచేయండి. ఇన్ని గంటలు చేయాలని లక్ష్యాలు పెట్టుకోవద్దు. డాష్‌బోర్డు ముందు గంటకోసారి కూర్చోవద్దు. ఉచిత ఖాతాలో పాత చరిత్ర కొద్ది రోజులే కనిపిస్తుంది కాబట్టి, ఆదివారం పూట ఆ వారం అంకెలను ఒక నోటుపుస్తకంలో ఎక్కించుకోండి.

రెండు వారాల తర్వాత చూస్తే చాలామందికి గుండె జారుతుంది. తొమ్మిది గంటలు కుర్చీలో కూర్చున్న రోజు ఎడిటర్ మూడున్నర గంటలే చూపించవచ్చు. "ఇంతేనా నా పని?" అనిపిస్తుంది. కంగారు పడకండి. ఆ అంకె దేన్ని లెక్కపెట్టదో కూడా తెలియాలి.

మా పక్కనున్న జాండ్రపేట, ఈపూరుపాలెం వెళితే మగ్గాల చప్పుడు వినిపిస్తుంది. నాడె అటూ ఇటూ పరిగెడుతుంటే నేత సాగుతున్నట్టు. కానీ ఆ చప్పుడుకు ముందు పడుగు సిద్ధం చేయాలి, అచ్చు అతకాలి, ఇంట్లో ఆడవాళ్లో పెద్దవాళ్లో కూర్చుని కండెలు చుట్టాలి. అప్పుడు మగ్గం చప్పుడు చేయదు. కూలి మాత్రం నేసిన బట్టకే ముడుతుంది. ఎడిటర్ యాడ్-ఆన్ వినేది నాడె చప్పుడు ఒక్కటే. క్లయింటు అడిగింది అర్థం చేసుకోవడం, కాగితం మీద టేబుళ్లు గీసుకోవడం, లాగ్‌లు చదవడం, తోటివాళ్ల కోడు బ్రౌజర్లో రివ్యూ చేయడం, తప్పెక్కడుందో తెలియక ఒడ్డున నడుస్తూ ఆలోచించడం, ఇవన్నీ పనే. ఎడిటర్‌కు అవి వినపడవు. కోడు రాసిపెట్టే ఏఐ సాధనాలు వచ్చాక ఇది ఇంకా నిజమైంది. చేత్తో టైప్ చేసే వాటా తగ్గి, చదివి సరిచూసే వాటా పెరిగింది. ఎడిటర్ గంటలు తగ్గినంత మాత్రాన పని తగ్గినట్టు కాదు.

అందుకని నోటుపుస్తకంలో ఎడిటర్ అంకె పక్కన ఇంకో గడి గీయండి. మీటింగులు, డిజైన్, రివ్యూ, చదువు ఎంతసేపన్నది రాత్రి పడుకునే ముందు ఉజ్జాయింపుగా రాయండి. హంఫ్రీ పట్టీలో ఉన్నట్టే అంతరాయాలకూ ఒక గడి. ఈ మూడూ కలిస్తేనే మీ రోజు మీకు పూర్తిగా కనిపిస్తుంది.

అంకెతో చేయాల్సిన మూడు పనులు

మొదటిది అంచనా. ప్రోగ్రామర్ మాట పోయేది ఎక్కువగా ఇక్కడే. "ఎప్పటికవుతుంది?" అని అడిగితే ధైర్యంగా "రేపటికి" అంటాం. రేపు మూడు రోజులవుతుంది. దీనికి మందు కష్టమైనది కాదు. ఏ పనైనా మొదలుపెట్టే ముందు ఎన్ని ఎడిటర్ గంటలు పడుతుందనుకుంటున్నారో రాయండి. అయ్యాక అసలు గంటలు పక్కన రాయండి. అసలును అంచనాతో భాగించండి. నాలుగు గంటలనుకున్నది ఏడు గంటలు పడితే 1.75. ఐదు పనులకు ఇలా 1.2, 1.5, 1.75, 1.8, 3 వచ్చాయనుకుందాం. నడిమి అంకె 1.75. సగటు కట్టకండి. మూడు రెట్లు సాగిపోయిన ఆ ఒక్క పని సగటును పైకి లాగేస్తుంది, నడిమి అంకెను కదపదు. తర్వాతి పని ఆరు గంటలని మీ మనసు చెబితే, 1.75తో హెచ్చించి పదిన్నర అనుకోండి. మీ రోజువారీ ఎడిటర్ గంటలు మూడున్నర అయితే, అది మూడు రోజుల పని. ఇప్పుడు మేనేజర్‌తో "గురువారానికి ఇస్తానండీ" అని చెప్పగలరు, ఇవ్వగలరు కూడా. నా దృష్టిలో ఈ యాడ్-ఆన్ పెట్టుకోవడానికి ఈ ఒక్క లాభం చాలు. ఇచ్చిన మాట నిలబెట్టుకునే మనిషికి రాత్రిళ్లు మేలుకునే అవసరం తగ్గుతుంది.

రెండోది మంచి పూటను కాపాడుకోవడం. డాష్‌బోర్డులో పని ఏ వేళల్లో పడిందో చూడండి. మొత్తం గంటలకంటే ముక్కలెన్నో చూడటం ముఖ్యం. రెండు గంటలు ఏకధాటిగా ఉన్నది ఏ పూట? పదేసి నిమిషాల ముక్కలుగా చిరిగిపోయింది ఏ పూట? ఉదయం ఏడు నుంచి తొమ్మిదిదాకా పొడుగాటి గీతలు కనిపిస్తే, అది మీ బంగారు పూట. కఠినమైన పనిని అక్కడ పెట్టండి. మెయిళ్లు, చిన్న మార్పులు మధ్యాహ్నానికి తోయండి. ఇంట్లో చెప్పడమూ అప్పుడే తేలికవుతుంది. "నన్నెవరూ పనిచేసుకోనివ్వరు" అంటే గొడవవుతుంది. "అమ్మా, తొమ్మిదిదాకా పిలవొద్దు, ఆ తర్వాత బాబాయిని నేనే దించొస్తాను" అంటే ఒప్పందమవుతుంది. అడిగేది రెండు గంటలే అని తెలిసినప్పుడు ఇంట్లోవాళ్లు వాటిని ఇస్తారు.

మూడోది ఆపడం. క్లయింటు కాల్స్ రాత్రికి పడేవాళ్లకు పని పదకొండు, పన్నెండు దాకా జారుతుంది. ఆ వేళ రాసిన కోడును గిట్ చరిత్రలో వెతకండి. మర్నాడు అందులో ఎంత చెరిపేశారు, ఎన్ని దిద్దుళ్లు పడ్డాయి? రాత్రి గంటన్నర శ్రమ మర్నాడు రెండు గంటల మరమ్మతుకు దారితీస్తోందని మీ సొంత చరిత్రే చెబితే, ల్యాప్‌టాప్ మూయడానికి వేరొకరి సలహా అక్కర్లేదు. అంకె చాలామందికి ఇంకా చేయమని చెప్పే కొరడాలా కనపడుతుంది. నిజానికి ఇక చాలు అని చెప్పే హక్కు కూడా అదే ఇస్తుంది.

విద్యార్థులకు ఇదే అంకె ఇంకో మేలు చేస్తుంది. బాపట్లలోనో చీరాలలోనో ఇంజినీరింగ్ చదువుతున్న అబ్బాయో అమ్మాయో సాయంత్రమంతా పైథాన్ పాఠాల వీడియోలు చూసి, ఈ రోజు నాలుగు గంటలు కోడింగ్ చేశానని నమ్మవచ్చు. ఎడిటర్ ఇరవై నిమిషాలే చూపిస్తుంది. చూడటం తప్పు కాదు. కానీ ఉద్యోగ ఇంటర్వ్యూలో అడిగేది చేతికొచ్చిన పని గురించే. చూసినంతసేపు రాయడం కూడా అలవాటు చేసుకుంటే ఆ ఎడం తగ్గుతుంది, తగ్గుతోందని కంటికి కనిపిస్తుంది కూడా.

చేయకూడనివి

వాకాటైమ్‌లో పబ్లిక్ లీడర్‌బోర్డు ఉంది. అందులో మీ పేరు పెట్టుకోకండి. ఎవరో వారానికి అరవై గంటలు చూపిస్తే మీ ఇరవై చిన్నబోతాయి. ఆయన పని ఏమిటో, ఆయన గడువు ఎంతో మీకు తెలియదు.

మేనేజర్లకు ఒక మాట. టీమ్ మొత్తానికి ఈ యాడ్-ఆన్ పెట్టించి, గంటలను బట్టి రేటింగులు ఇవ్వాలని ఎప్పుడైనా అనిపిస్తే ఆగండి. ఆర్థికవేత్త చార్లెస్ గుడ్‌హార్ట్ 1975లో ద్రవ్య విధానం గురించి చెప్పిన సూత్రం ఇక్కడా పనిచేస్తుంది: ఏ కొలతనైతే అదుపు చేయడానికి వాడతామో, ఆ కొలత నమ్మకం కోల్పోతుంది. గంటలకు మార్కులిస్తే గంటలు పుడతాయి. కర్సర్ కదిలించే చిన్న స్క్రిప్ట్ రాయడం ప్రోగ్రామర్‌కు ఎంతసేపు? 1982లో ఆపిల్‌లో లీసా కంప్యూటర్ మీద పనిచేసేవాళ్లను వారానికి ఎన్ని లైన్ల కోడు రాశారో ఫారంలో నింపమన్నారు. వాళ్లలో ఒకరైన బిల్ అట్కిన్సన్ ఆ వారం క్విక్‌డ్రా అనే గ్రాఫిక్స్ కోడులో ఒక భాగాన్ని తిరగరాసి మరింత వేగంగా, మరింత చిన్నదిగా చేశారు. ఫారంలో మైనస్ 2000 అని రాశారు. కొన్ని వారాలకు ఆయన్ని ఆ ఫారం అడగడం మానేశారు. మంచి పని చాలాసార్లు తీసేయడంలోనే ఉంటుంది. లైన్ల లెక్కకు అది తెలియదు, గంటల లెక్కకూ తెలియదు.

ఈ నెల చేయాల్సిన అభ్యాసం

మొదటి వారం: ప్లగిన్ పెట్టుకోండి. ఉద్యోగపు కోడైతే అనుమతి అడగండి, పేర్లు దాచే సెట్టింగులు చూడండి. గడువు ఎంతో ఒకసారి నిర్ణయించి వదిలేయండి.

రెండో వారం: ఈ వారమూ ఏమీ మార్చకండి. ప్రతి రాత్రి మూడు అంకెలు రాయండి: ఎడిటర్ గంటలు, ఎడిటర్ బయటి పని, అంతరాయాలు.

మూడో వారం: ప్రతి పనికి ముందు అంచనా, తర్వాత అసలు గంటలు రాయండి. కనీసం ఐదు పనులకు ఇది చేసి నడిమి నిష్పత్తి తీయండి. అదే వారంలో మీ మంచి పూట ఏదో గుర్తించి, ఇంట్లోవాళ్లతో దాని గురించి మాట్లాడండి.

నాలుగో వారం: ఎవరైనా "ఎప్పటికవుతుంది?" అని అడిగినప్పుడు, మనసులో వచ్చిన అంకెను మీ నిష్పత్తితో హెచ్చించి చెప్పండి. చెప్పిన రోజుకు ఇవ్వండి. అప్పటికీ తేడా వస్తే నిష్పత్తిని సరిచేయండి.

మూణ్నెల్లు ఇలా చేశాక యాడ్-ఆన్ తీసేయాలనిపిస్తే తీసేయండి. అప్పటికి మీ చేతికి రోజుకు ఎంత పని సాగుతుందో, ఏ పూట సాగుతుందో, మీ అంచనా ఎంత తక్కువ చెబుతుందో మీకు తెలిసి ఉంటుంది. ఈ మూడూ తెలిసినవాడు వాడరేవులో కూర్చున్నా, న్యూజెర్సీలో కూర్చున్నా, శుక్రవారం టైమ్‌షీట్‌లో ఎనిమిది అని వేయాల్సి వస్తే అది నిజమైన ఎనిమిదే అవుతుంది.